చూడటం నేర్పే కొలువు: నేచురలిస్ట్ ఇంటర్న్‌షిప్‌పై అపోహలు – వాస్తవాలు

పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరి పాఠంగా చెప్పాలని 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. పుస్తకాల్లో పాఠం వచ్చింది కానీ, చాలామంది పిల్లలకు చెట్టు కింద నిలబడి ఆ పాఠం వినే అవకాశం ఇప్పటికీ లేదు. ఆ లోటు తీర్చడానికే ప్రకృతి విద్యా కేంద్రాలు పుట్టాయి. హైదరాబాద్ శివార్లలో చిలుకూరు దగ్గరి మృగవని, కొంగలు, గూడబాతులు గూళ్లు పెట్టే నేలపట్టు మనకు తెలిసిన ఉదాహరణలు. ఇలాంటి కేంద్రాల్లో కొన్ని నెలలపాటు పని నేర్చుకుంటూ, పిల్లలను వెంటబెట్టుకుని తిరిగే యువతీయువకులే ఇంటర్న్ నేచురలిస్టులు. ఈ పని గురించి జనంలో ఉన్న అపోహలన్నింటికీ మూలం ఒక్కటే: నేచురలిస్ట్ అంటే సమాచారం అప్పజెప్పేవాడు అనుకోవడం. నిజానికి అతని పని చూడటం నేర్పడం. ఈ తేడా తెలిస్తే మిగతా అపోహలు వాటంతటవే వీడిపోతాయి.

అపోహ: పిట్టల పేర్లు, చెట్ల పేర్లు గడగడా చెప్పగలిగినవాళ్లే ఈ పనికి పనికొస్తారు.

వాస్తవం: గిజిగాడినే తీసుకుందాం. ఈ పిట్ట మిణుగురును తడిమట్టిలో అంటించి గూటిలో దీపం పెట్టుకుంటుందని మన ఊళ్లలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. గూటి గోడకు మట్టి ముద్దలు అంటించడం నిజమే. దీపం కోసమే మిణుగురును తెస్తుందనడానికి మాత్రం ఆధారం లేదు. పేరు తెలిసినంత మాత్రాన ఈ తేడా తెలియదు, బావి మీదికి వంగిన తుమ్మకొమ్మ దగ్గర ఓపిగ్గా నిలబడితేనే తెలుస్తుంది. గూడు అల్లేది మగపిట్ట. సగం అల్లి, టోపీ బోర్లించినట్టున్న దశలో ఆపి, రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టలను పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి గూటిని పరీక్షించి ఒప్పుకుంటేనే గుడ్ల అర, కిందికి వేలాడే గొట్టం పూర్తవుతాయి. నచ్చని గూళ్లు సగంలోనే వేలాడుతూ మిగిలిపోతాయి. ఆ సగం గూటిని చూపించి ‘ఇది ఎందుకు ఆగిపోయింది?’ అని అడగగలిగినవాడు మంచి నేచురలిస్ట్. పేర్లే తెలియనివాడు పిల్లలకు తప్పులు చెప్పడా అన్న అనుమానం సబబే. పేరు తెలిస్తేనే దాని గురించి చదవగలం, ఇంకొకరితో మాట్లాడగలం. అందుకే ఇంటర్న్ మొదటి వారాల్లో తన కేంద్రం చుట్టూ రోజూ కనిపించే చెట్లు, పిట్టలు, పురుగులు నేర్చుకుని తీరాలి. కానీ తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుని, పిల్లలతో కలిసి వెతకడం చేతకానితనం కాదు. ప్రకృతి పాఠాలపై 1911లో పెద్ద పుస్తకం రాసిన అమెరికన్ అధ్యాపకురాలు అన్నా బాట్స్‌ఫర్డ్ కామ్‌స్టాక్ ఉపాధ్యాయులకు చెప్పిందీ ఇదే.

అపోహ: సైన్స్ డిగ్రీ లేనివాళ్లకు ఇందులో చోటు లేదు, చేరినా భవిష్యత్తు ఉండదు.

వాస్తవం: గిజిగాడి కాపురం గుట్టు లోకానికి విప్పి చెప్పిన సలీం అలీ జీవితమే దీనికి జవాబు. 1926లో ఆయన బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరారు. సందర్శకులకు ప్రకృతి విశేషాలు వివరించడమే ఆ ఉద్యోగం. అంతకుముందు జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో ఉద్యోగానికి ప్రయత్నిస్తే, విశ్వవిద్యాలయ డిగ్రీ లేక అది దక్కలేదు. జర్మనీలో పక్షిశాస్త్రం నేర్చుకుని 1930లో తిరిగొచ్చేసరికి, నిధులు లేవని ఆ గైడ్ కొలువూ తీసేశారు. అప్పుడాయన సముద్రతీరాన కిహిం గ్రామంలో ఉంటూ గిజిగాళ్లను గమనించారు. ఒక గూడు పూర్తికాగానే మగపిట్ట మరో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపిట్టను పిలుస్తుందని అక్కడే తేల్చారు. ఆ వెంటనే ఆయన చేపట్టిన పెద్ద పనుల్లో హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే ఒకటి. అందరూ సలీం అలీలు కాలేరన్నది నిజమే. పరిశోధన సంస్థల్లో శాస్త్రవేత్త కావాలంటే నేడు డిగ్రీ తప్పదు కూడా. కానీ విద్యా కేంద్రంలో పిల్లలతో నడవడానికి కావలసింది చూపు, ఓపిక, మాట. అవి అలవడినవారికి ఉపాధ్యాయ వృత్తి, ఎకో టూరిజం, ప్రకృతి రచన, ఫొటోగ్రఫీ వంటి దారులు ఎన్నో ఉన్నాయి.

అపోహ: ఇది పనేమీ కాదు, అడవిలో విహారం.

వాస్తవం: పిల్లల బస్సు రాకముందే ఇంటర్న్ దారంతా ఒకసారి నడిచి రావాలి. దారి పక్కన దురదగొండి తీగ కాయలు కాసిందా, తలకు తగిలే ఎత్తులో కందిరీగలు గూడు పెట్టాయా, నిన్నటి వానకు గట్టు జారిందా అని చూసుకోవాలి. ఆస్తమా ఎవరికుంది, తేనెటీగ కుడితే ఒళ్లు వాచే పిల్లలెవరు అని టీచరును అడిగి రాసుకోవాలి. అందరికన్నా వెనకబడి నడిచే పిల్లాడి అడుగును బట్టే గుంపంతా నడవాలి. పిల్లలు వెళ్లాక చెత్త ఏరడం, ఆ రోజు కనిపించినవి నోటుపుస్తకంలో ఎక్కించడం కూడా ఆ పనిలో భాగమే. ఇందులో ఏ ఒక్కటి తప్పినా పాఠం చెడుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికీ వస్తుంది.

అపోహ: పాము పట్టే ధైర్యం ఉంటేనే నేచురలిస్ట్.

వాస్తవం: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా నాగుపామును పట్టడం నేరం. చేత్తో పట్టి చూపించే పాము పిల్లలకు నేర్పేది దుడుకుతనం మాత్రమే. పాముకు బయటి చెవులు లేవనీ, పాములవాడు ఊదే బుర్ర కదలికను చూసే అది ఊగుతుందనీ, పాలు దాని ఆహారం కావనీ దూరంగా నిలబడే చెప్పవచ్చు. ఇంటర్న్ చూపించవలసిన ధైర్యం దూరం పాటించడంలోనే ఉంది.

అపోహ: నేర్చుకోవడమే జీతం, వేరే డబ్బు ఎందుకు?

వాస్తవం: ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ. చిన్న కేంద్రాలకు నిధులు తక్కువన్న మాట నిజమే. కానీ తిండికి, ప్రయాణానికి కూడా ఇవ్వకపోతే ఈ శిక్షణ పట్నంలోని కలిగినవాళ్ల పిల్లలకే దక్కుతుంది. చెంచు గూడెంలో, పులికాట్ ఒడ్డున పుట్టి పెరిగి, చిన్నప్పటి నుంచి అడవినీ నీటినీ చూస్తూ వచ్చిన యువతకే తలుపు మూసుకుపోతుంది. చూడటం నేర్పే పనికి వాళ్లకన్నా తగినవారు దొరకడం కష్టం. కాబట్టి కేంద్రాలు నడిపేవారు ఇంటర్న్‌ల సంఖ్య తగ్గించుకోవలసి వచ్చినా సరే, తీసుకున్నవారికి భత్యం ఇవ్వాలి, స్థానికులకు మొదటి చోటివ్వాలి. తల్లిదండ్రులు కూడా ఈ కొలువులో చేరతానన్న కొడుకునో కూతురినో వారించకుండా, ఒక్క ఏడాది వెళ్లి రమ్మని పంపాలి.