అప్పు లేని అరిసె

జంగారెడ్డిగూడెం: మెట్టలో సన్నకారు రైతుకు పండగా, పంట డబ్బూ ఒక్కసారి రావు. సంక్రాంతి నాటికి వర్జీనియా పొగాకు ఇంకా చేలోనే ఉంటుంది. రెలుపు కూలీలు, బ్యారన్‌కు పుల్ల, ట్రాక్టరు కిరాయి... అన్నీ చేతి నుంచి పెట్టుకునేవే. బేలు వేలం కేంద్రానికి చేరేది ఆ తర్వాతే. రబీ మొక్కజొన్న సంగతీ అంతే. పామాయిల్ గెలలు దండిగా దిగేది వానాకాలంలో. అంటే జేబు బాగా పలచనైన రోజుల్లోనే కొత్త అల్లుడు గడప తొక్కుతాడు! మాఘంలో ముహూర్తం పెట్టుకున్న ఇంటి సంగతి చెప్పనే అక్కర్లేదు.

అప్పుడు ఏం చేస్తాం? ఎరువుల కొట్టాయన దగ్గరికో, తెలిసిన వ్యాపారి దగ్గరికో వెళ్తాం. నూటికి మూడు రూపాయల వడ్డీ. వినడానికి మూడే. లక్ష తెస్తే నెలకు 3,000, ఏడాదికి 36,000. మూడేళ్లు తీర్చలేకపోతే వడ్డీయే 1,08,000 అయి అసలును దాటేస్తుంది. ఇది వడ్డీ మీద వడ్డీ వేయకముందు మాట. పైగా పంట తనకే తోలాలనే షరతు ఒకటి ఉంటే, క్వింటాకు వంద తగ్గించినా నోరెత్తలేం. పండగ అప్పు అసలు ఖరీదు కాటా దగ్గర తెలుస్తుంది.

అలాగని పండగ మానుకోమని ఎవరూ చెప్పరు, చెప్పినా మనం వినం. ఏడాదంతా ఒళ్లు వంచేవాడికి నాలుగు రోజుల సంబరం ఉండాల్సిందే. ఎక్కడ తగ్గించుకుంటే ముచ్చట తగ్గదో అది చూసుకోవాలి.

సగం సామాను చేలోదే

భోగి పిడకలు, గొబ్బెమ్మలకు పేడ, గుమ్మానికి మామిడాకు, పిల్లల మీద పోసే రేగిపళ్లు, కొత్త బియ్యం, కొబ్బరికాయలు. వీటిలో చాలావరకు ఊళ్లో దొరికేవే. పూలే కొనాల్సి వస్తోంది, అదీ పండగ ముందు రోజు వాళ్లు చెప్పిన ధరకి. నవంబరు మొదట్లో రెండు సాళ్లు బంతి నారు వేసుకుంటే సరిపోతుంది. టమాటా వేసేవారికి ఇంకో లాభం ఉంది. ప్రతి 16 వరుసలకు ఒక వరుస బంతి పెడితే శనగపచ్చ పురుగు తల్లి రెక్కల పురుగులు బంతి మీదికి పోయి గుడ్లు పెడతాయి. మందు ఖర్చు తగ్గుతుంది, గుమ్మానికి దండా వస్తుంది.

పిండివంటల దగ్గరే అసలు ఆదా. కొట్టులో కొన్న అరిసెకు, ఇంటి అరిసెకు ధరలో తేడా చాలావరకు కూలీదే. ఆ కూలీ మన చేతిలో ఉంది. అయితే అరిసె ఒక్క మనిషితో అయ్యే వంట కాదు. ఒకరు పాకం చూడాలి, ఒకరు వొత్తాలి, ఇంకొకరు బాణలి దగ్గరుండి తీసి నూనె పిండాలి. నాట్లకు బదులు వెళ్లినట్టే మూడు ఇళ్లవాళ్లు కలిస్తే పొయ్యి ఒకటే, పుల్ల ఒకటే, బాణలి అడుగున మిగిలిపోయే నూనె కూడా ఒక్కసారిదే. (గెలలు పంపేదీ మనమే, నూనె ప్యాకెట్టు కొనేదీ మనమే అనుకోండి, అది వేరే కథ.) కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. బియ్యం బాగా నానాలి, పిండి తడి ఆరకూడదు, పాకం ఉండ కట్టగానే దించాలి. ముదిరిందా, అల్లుడిగారి పళ్లకు పరీక్షే.

ఇంటి లెక్కలో రాయని పద్దు ఇంకొకటుంది. బరి దగ్గర పందెం, పక్కన గుండాట. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, 1974 నాటి గేమింగ్ చట్టం రెండూ వీటిని తప్పంటున్నాయి. చట్టం సంగతి అలా ఉంచినా, బట్టలు, పిండివంటలు అన్నిటికీ కలిపి అయ్యే ఖర్చు అక్కడ ఒక్క పూటలో పోతుంది.

పెళ్లి పందిరి కింద

పెళ్లిలో ముప్పై రకాలు వడ్డించి సగం విస్తట్లో వదిలేయించడం ఈమధ్య గొప్పైంది. ముద్దపప్పు, ఆవకాయ, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, గుత్తివంకాయ, పులిహోర, నెయ్యి వేసిన బూరె. ఇంత పెడితే గోదావరి జిల్లాల్లో ఎవరు పేరు పెడతారు?

పిలుపులకు ముందు పాత చదివింపుల పుస్తకం దించి చూడండి. ఎవరికి మనం ఎంత చదివించామో, మనకెవరు చదివించారో అందులో ఉంటుంది. వడ్డీ లేని అప్పు అంటే అదే. ఒకరి ఇంటి బరువు పదిమందీ మోసి, తర్వాత వంతులవారీగా దించుకుంటారు. కాకపోతే తిరిగి ఇవ్వాల్సిందని మరిచి, వచ్చిన డబ్బుతో బ్యాండు మేళం పెంచేస్తే లాభం లేదు.

బ్యాంకు వైపు ఒక మాట చాలామందికి తెలియదు. 1998లో మొదలైన కిసాన్ క్రెడిట్ కార్డులో పంట రుణ పరిమితి కట్టేటప్పుడు, సాగు ఖర్చుపై మరో 10 శాతం కోత తర్వాతి ఖర్చులకు, ఇంటి అవసరాలకు కలుపుతారు. లక్ష సాగు ఖర్చుకు 10,000 అన్నమాట. పంట రుణం 3 లక్షల వరకు 7 శాతం వడ్డీకి ఇచ్చి, గడువులో కడితే 3 శాతం రాయితీ ఇస్తున్నారు. లక్షకు ఏడాదికి 4,000. పైన రాసిన 36,000 పక్కన ఇది పెట్టి చూసుకోండి. కార్డు రెన్యువల్‌కు వెళ్లినప్పుడు పరిమితి ఎలా కట్టారో మేనేజరు గారిని అడగవచ్చు. మొహమాటం అక్కర్లేదు.

ఆడపిల్ల ఉన్న ఇల్లయితే సుకన్య సమృద్ధి ఖాతా చూడాలి. 2015లో వచ్చింది. పాపకు పదేళ్లు నిండకముందే పోస్టాఫీసులో గానీ, బ్యాంకులో గానీ తెరవాలి. ఏడాదికి కనీసం 250 రూపాయలు, 15 ఏళ్లు కట్టాలి. 21 ఏళ్లకు చేతికొస్తుంది. పద్దెనిమిది నిండాక చదువుకు సగం వరకు తీసుకోవచ్చు, పెళ్లి కుదిరితే ఖాతా మూసి మొత్తం తీసుకోవచ్చు. నెలనెలా కట్టాలన్న నిబంధన లేదు కాబట్టి పంట మీద బతికేవారికి ఇది కుదురుతుంది. ఏ ఏడాదైనా మరిచిపోతే ఆ ఏడాదికి 50 రూపాయల జరిమానాతో మళ్లీ నడిపించుకోవాలి. పొగాకు వేలం డబ్బు ఖాతాలో పడిన వారంలోనే కట్టేస్తే ఆ గొడవ ఉండదు.