యాత్రకు ముందు కారు పరీక్ష



కోనసీమవారికి పూర్వము దూరప్రయాణ మనగా రేవుతో మొదలగుచుండెను. గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయలు మనలను చుట్టుకొని యుండుటచేత, ఏ దిక్కునకు పోవలెనన్నను పడవ యెక్కక తప్పెడిది కాదు. నేడు గౌతమిపై యానాము–ఎదుర్లంక వారధియు, వైనతేయపై బోడసకుర్రు వారధియు, వసిష్ఠపై చించినాడ వారధియు కలవు. 216వ జాతీయ రహదారి కత్తిపూడి మొదలు కాకినాడ, అమలాపురము, రాజోలు, మచిలీపట్నము, బాపట్ల మీదుగా ఒంగోలు వఱకు సాగుచున్నది. మా నగరము గ్రామమున ఇంటి గుమ్మముకడ కారెక్కినవారు తిరుపతిలో దిగవచ్చును. ఇది మేలే. కాని రేవు మనలను ఆపెడిది, వారధి ఆపదు. ఆగి చూచుకొనుట యిప్పుడు మన వివేకమునకే విడువబడినది. కారు నడుపుట పిల్లలకు తెలియును. బయలుదేఱు దినమును, వేళను నిర్ణయించువారు మాత్రము పెద్దలు. కావున ఈ విషయమును పెద్దలకే విన్నవించుచున్నాను.

అంతర్వేది తీర్థమునకు రెండెడ్లబండి కట్టునపుడు మన తాతలు ముందుగానే ఇరుసునకు కందెన వేసి, కడచీల తట్టి చూచి, ఎద్దుల నాడాలు పరీక్షించెడివారు. యంత్రము వచ్చినను ఆ ధర్మము మాఱలేదు. ప్రపంచమున మోటారుబండిపై తొలి దూరప్రయాణము చేసినది యొక గృహిణి. 1888వ సంవత్సరము ఆగస్టు నెలలో జర్మనీదేశమున బెర్తా బెంజ్ అను నామె, భర్త నిర్మించిన బండిలో ఇద్దఱు కుమారులతో మాన్‌హైము నుండి ఫోర్ట్స్‌హైములోని పుట్టినింటికి నూఱు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసెను. దారిలో చమురుగొట్టము పూడిపోగా టోపీసూదితో పొడిచి బాగుచేసెను. ఇంధనమును మందుల యంగడిలో కొనెను. బ్రేకుదిమ్మలు అఱుగగా చెప్పులు కుట్టు పనివానిచే తోలు కొట్టించెను. యంత్రము వేడెక్కినపుడెల్ల నీరు పోయించెను. ఇంధనము, నీరు, బ్రేకు: ఈ మూడును నేటికిని యాత్రికుని చింతలే. అయితే ఆ బండి మెల్లగా నడచునది. లోపము తెలిసినపుడు ఆగుటకు వ్యవధి యుండెను. గంటకు 80, 100 కిలోమీటర్ల వేగమున ఆ వ్యవధి యుండదు. ఆమె దారిలో చేసిన పనిని మనము ఇంటికడనే చేసికొనవలెను.

మన ప్రాంతపు కారునకు ప్రత్యేకమైన వ్యాధి యొకటి కలదు. అది పనిలేమి. వారమున కొకమాఱు అమలాపురము పోయివచ్చి, తక్కిన దినములు కొబ్బరితోటలో రేకులసాల క్రింద నిలిచియుండును. తిరిగిన కిలోమీటర్లు తక్కువగా కనబడుటచేత బండి క్రొత్తదేయని యింటివారు నమ్ముదురు. నిలిచియున్న బండి చెడదనుట భ్రమ. తిరిగినను తిరుగకున్నను రబ్బరు ముదియును. బాటరీ శక్తి తఱుగును. ఉప్పుగాలికి దాని కొనలపై తెల్లనిపొడి, పచ్చనిపొడి పేరుకొనును. ఎలుకలు బానెట్టు లోపల చేరి తీగలు కొఱుకును. బ్రేకునూనె గాలిలోని చెమ్మను పీల్చుకొనును. అట్టి బండి నెలల తరబడి నిద్రించి, ఒకనాడు వేసవియెండలో నిండుబరువుతో ఐదువందల కిలోమీటర్లు పరుగెత్తవలసి వచ్చును. ప్రమాదమునకు బీజ మచ్చటనే యున్నది.

మొదట టైర్లు. ఒక్కొక్క టైరు నేలను తాకు చోటు ఇంచుమించు అఱచేయంత. ఆ నాలుగు అఱచేతుల చోటుపైననే కుటుంబ మంతయు ఆధారపడియున్నది. టైరు ప్రక్కభాగమున నాలుగంకెలు అచ్చువేసియుండును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. ఐదేండ్లు దాటినదానిని ఏటేట తెలిసినవానికి చూపవలెను. పదేండ్లు దాటినదానిని, గాళ్లు లోతుగా నున్నను, విడిచిపెట్టుట మేలు. గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని చట్టము. ప్రక్కల పగుళ్లు గాని ఉబ్బు గాని కనబడిన టైరుతో యాత్రకు పోరాదు. గాలి యెంత యుండవలెనో డ్రైవరు తలుపుకడ అంటించిన చీటిలో వ్రాసియుండును; నిండుబరువునకు వేఱుగా నంకె యున్నచో దానిని పాటింపవలెను. ఉదయమున టైరు చల్లగా నున్నపుడే కొలువవలెను. వేసవిలో గాలి తగ్గింపవలెనను మాట మనలో వ్యాపించియున్నది, అది ప్రమాదకరము. గాలి తక్కువైన టైరు ప్రతిచుట్టునందును మితిమీఱి నలిగి, ఆ నలుగుడుచేతనే వేడెక్కి పగులును. ఐదవ చక్రమును, జాకీని కూడ చూడుడు. అవి మఱపునకు గుఱియగునవి.

పిమ్మట బ్రేకు. చెమ్మ పీల్చిన బ్రేకునూనె త్వరగా మరుగును. మరిగినపుడు ఆవిరి పుట్టి, కాలు త్రొక్కినను బ్రేకు పట్టదు. రెండేండ్ల కొకమాఱు దానిని మార్పింపవలెను. మాఱేడుమిల్లి ఘాటుమీదుగా భద్రాచలము పోవువారికిని, తిరుమల నుండి దిగువారికిని ఇది ప్రాణావసరము. తిరుమలకు 1944లో తెఱచిన మొదటి ఘాటురోడ్డు నేడు దిగుటకును, 1974లో వచ్చిన రెండవది యెక్కుటకును ఉపయోగపడుచున్నవి. దిగునపుడు తక్కువ గేరులో నుంచినచో ఇంజనే బండిని పట్టియుంచును. చమురు మిగులునని ఇంజను ఆపుట మహాపరాధము. ఇంజను ఆగినచో బ్రేకునకు తోడ్పడు బలము నశించును.

ఇంజనునూనె, రేడియేటరునీరు ముందురోజు చల్లని బండిలో చూడవలెను. రేడియేటరులో నీరు ఒత్తిడిలో నుండుటచేత నూఱు డిగ్రీలు దాటియు మరుగక యుండును. వేడిమీద మూత తీసినచో ఒక్కపెట్టున ఆవిరియై ముఖముపై చిమ్మును. దీపములు, అద్దము తుడుచు రబ్బరులు, బాటరీకొనలు కూడ చూచుకొనవలెను.

ఈ పరీక్ష యంతయు ప్రయాణమునకు వారము ముందే ముగియవలెను. ఏలయన మరమ్మతు చేసిన బండినే మఱల పరీక్షింపవలెను. బిగింపని మఱయొకటి యున్నచో రాజమహేంద్రవరము పోయివచ్చులోపల బయటపడును. ముందురాత్రి మరమ్మతు చేయించినచో నెల్లూరు దాటినపిదప బయటపడును.

సామాను బరువైనది అడుగునను, తేలికైనది పైనను సర్దవలెను. బియ్యపు మూట, కొబ్బరికాయల బస్తా పైకప్పుపై కట్టినచో మలుపులో బండి ఒరగును. వెనుక కూర్చున్నవారికిని సీటుబెల్టు విధియే. లైసెన్సు, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, పొగపరీక్ష పత్రములు గడువు చూచి తీసికొనవలెను. 108 అంబులెన్సునకు, 112 అత్యవసర సహాయమునకు, 1033 జాతీయ రహదారి సహాయమునకు నంబర్లు. వీనిని కాగితముపై వ్రాసి బండిలో నంటింపుడు.

ఇక నడుపువాని మాట. టైరునకు వలెనే మనుష్యునికిని మోయగలిగిన బరువొకటి కలదు. పగలంతయు పనిచేసిన కుమారుని, “దర్శనపు టిక్కెట్టు వేళ తప్పిపోవును, రాత్రికే బయలుదేఱుము” అని తొందరపెట్టువారు చాలవఱకు మనమే. రాత్రి రెండు గంటలనుండి తెల్లవాఱువఱకు నిద్ర మిక్కిలి బలముగా క్రమ్ముకొనును. రెండు నిమిషముల కునుకునకు దారిప్రక్క ఆగియున్న లారీ కనబడదు. “నాకు నిద్ర వచ్చుచున్నది” అని తండ్రియెదుట, మామయెదుట చెప్పుటకు యువకుడు సంకోచించును. ఆ మాట వానిచేత చెప్పింపక, మనమే ముందుగా “రేపు తెల్లవాఱిన పిమ్మట పోదము, రెండు గంటల కొకమాఱు ఆగుదము” అనవలెను. అది పెద్దఱికము.

పంచాంగము చూడవలదని నేను చెప్పను. తిథివారములు చూచిన పిమ్మట టైరుమీది నాలుగంకెలు చూడుడు. నడుపువాడు రాత్రి యెన్ని గంటలు నిద్రించెనో యడుగుడు. ఆ రెండును సరిపడనినాడు, ఎంత మంచి ముహూర్తమైనను ప్రయాణము నాపు అధికారము మీది. దానిని వినియోగింపుడు. సెలవు.