దోషమును సాధనముగా మార్చిన యంత్రశిల్పి

వెల్డింగు యంత్రము, కరెంటు మీటరు, పిడుగుపాటునుండి విద్యుద్యంత్రములను కాపాడు సాధనము – ఇట్టివాటి వెనుక నిలిచిన ఎలిహూ థామ్సన్ దాదాపు 700 పేటెంట్లకు కర్త. ఆయన ఆలోచనాపద్ధతిని గూర్చిన కథనమిది.

విద్యుద్యంత్రములతో నిత్యము మెలగువారికి కొన్ని భయములు కలవు. తీగల అతుకు వదులైనచో అచ్చట వేడి పుట్టి తీగ కాలిపోవును. అయస్కాంతముల నడుమ తిరుగు లోహములో సుడిప్రవాహములు బయలుదేరి, యంత్రమును మందగింపజేసి, శక్తిని వ్యర్థమైన ఉష్ణముగా మార్చివేయును. స్విచ్చి విప్పునపుడు లోహపు మొనల నడుమ స్పార్కు లేచి వాటిని కరగించును. తీగ నేలకు తగిలినచో సరఫరా యంతయు చెడును. ఈ నాలుగింటిని దోషములని పేర్కొని, వాటిని తొలగించు ఉపాయములను వెదకుటయే పందొమ్మిదవ శతాబ్దపు చివరి పాదమున ఇంజనీరులకు ప్రధానవ్యాపకమై యుండగా, వాటిలో ఒక్కొక్కదానిని చేపట్టి, దాని స్వభావమును ఓర్పుతో గ్రహించి, దానికి తగిన పని నప్పగించి, లోకమునకు ఉపకారముగా మార్చిన మేధావి ఎలిహూ థామ్సన్.

ఆయన 1853 మార్చి 29న ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున జన్మించెను. ప్రవాహము వలన తీగలో పుట్టు వేడికి లెక్క గట్టిన జేమ్స్ జూల్ నివసించి పరిశోధనలు సాగించినది ఆ ప్రాంతముననే యగుట యాదృచ్ఛికమే కాని, ఆ లెక్కయే తరువాత థామ్సన్ జీవితమున ఒక మహాపరిశ్రమకు మూలమయ్యెను. బాలునికి అయిదేండ్ల ప్రాయమున, 1858లో, కుటుంబము అమెరికాలోని ఫిలడెల్ఫియాకు తరలిపోయెను. అచ్చట బాలుడు ఒక గాజుసీసాతో ఘర్షణవిద్యుత్తు పుట్టించు యంత్రమును స్వయముగా నిర్మించుకొనెను. అది ఇచ్చు చిన్న స్పార్కును చూచి తండ్రి తేలికగా మాట్లాడగా, కుమారుడు వాదమునకు దిగక, విద్యుత్తును నిలువజేయు లేడెన్ జాడీలను కూర్చి, తండ్రికి మంచి షాకునే రుచి చూపెను. ఎదుటివారి సందేహమునకు మాటతో గాక ప్రయోగముతో బదులు చెప్పు ఈ యలవాటు ఆయనను కడవరకు విడువలేదు.

1877లో అతుకుకొన్న రెండు మొనలు

తాను చదివిన సెంట్రల్ హైస్కూలులోనే ఉపాధ్యాయుడై, రసాయనశాస్త్రాచార్య పదవి నందిన థామ్సన్, 1877లో ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూటున విద్యుత్తును గూర్చి ఉపన్యసించుచుండెను. అపుడాయన ఇన్‌డక్షన్ కాయిల్ నొకదానిని సాధారణపద్ధతికి విరుద్ధముగా వాడిచూచెను. ఆ పరికరములో సన్నని తీగ వేలకొలది చుట్లుగను, లావు తీగ కొలది చుట్లుగను ఉండును. లావు తీగలో ప్రవాహము పంపి, సన్నని తీగనుండి అధికమైన వోల్టేజి రాబట్టుటయే వాడుక. థామ్సన్ అట్లు గాక, లేడెన్ జాడీలలో నిలువజేసిన విద్యుత్తును సన్నని తీగ గుండ ఒక్కుమ్మడిగా వదలెను. అంతట, లావు తీగ మొనలు రెండును ఒకదాని నొకటి తాకుచుండుటచే, అవి విడదీయరాకుండ గట్టిగా అతుకుకొనిపోయెను.

మరియొక ఉపన్యాసకుడైనచో పరికరము చెడినదని విసుగుకొని మొనలు కత్తిరించి పని సాగించి యుండును. థామ్సన్ మాత్రము అందులోని కార్యకారణసంబంధమును చూచెను. ఇట్టి జంటచుట్ల పరికరములో వోల్టేజిని తగ్గించినకొలది ప్రవాహము పెరుగును. ప్రవాహము రెట్టింపైనచో వేడి నాలుగురెట్లగును. రెండు లోహములు తాకుచోటనే నిరోధము మెండుగా నుండుటచే వేడి యంతయు అచ్చటనే కేంద్రీకృతమగును. అనగా, లూజు కనెక్షనులో తీగను కాల్చివేయు ధర్మమే, తగిన యొత్తిడితో కూడినచో, లోహములను ఏకము చేయు ధర్మము!

ఈ దర్శనమునకును దాని ఫలమునకును నడుమ తొమ్మిదేండ్లు గడచెను. 1886 ఆగస్టు 10న విద్యుత్తుతో వెల్డింగు చేయు యంత్రమునకు ఆయనకు అమెరికాలో 347140 సంఖ్యగల పేటెంటు లభించెను. ఆ యంత్రమును కొంచెము దగ్గరగా పరికింపదగును. అందొక ట్రాన్స్‌ఫార్మరు కలదు. దానికి ఒకవైపు తీగ అనేకమైన చుట్లు. రెండవవైపు మిక్కిలి దళసరియైన రాగి చుట్టు ఒక్కటియే. ఆ రాగి చుట్టు కొనల వద్ద రెండు బిగింపులు. అతుకవలసిన ఇనుపకడ్డీలను వానిలో బిగించి, మొనకు మొన చేర్చి యొత్తుచు ప్రవాహమును వదలినచో, ఒకటి రెండు వోల్టులతోనే వేలకొలది ఆంపియరుల ప్రవాహము పారును. కలయికచోటు మొదట ఎర్రబారి, పిదప తెల్లబారి, మెత్తబడును. అపుడు మరికొంత నొత్తగా ఆ చోట ఉంగరమువలె ఉబ్బెత్తు లేచును. ప్రవాహమును ఆపివేయగా అతుకు సిద్ధమగును. వేడెక్కిన ఇనుమునకు నిరోధము హెచ్చుట కూడ ఇచ్చట మేలే. వేడి ఆవశ్యకమైన చోటనే నిలుచును. కడ్డీల తక్కిన భాగము చెక్కుచెదరదు.

అంతవరకు లోహములను అతుకుట ప్రధానముగా కమ్మరి విద్య. రెండు ముక్కలను కొలిమిలో తెల్లగా కాల్చి, దాగలిమీద నుంచి, సమ్మెటతో మోది ఏకము చేయు ఆ విద్య ఇనుము విషయమున గొప్పదే కాని, రాగి, ఇత్తడివంటి లోహములకు అంతగా పనికివచ్చునది కాదు. పైగా అతుకు గట్టిదనము ఆ కమ్మరి చేతివాటమును బట్టి యుండును. థామ్సన్ యంత్రము ఆ విద్యను కొలతకు లోబడునట్లు చేసెను. ప్రవాహ మెంత, ఒత్తిడి ఎంత, కాల మెంత అను మూడింటిని ముందే నిర్ణయించినచో మొదటి అతుకు ఎట్టిదో వేయవ అతుకును అట్టిదే యగును. గొలుసుల లింకులు, చక్రముల కమ్ములు, తీగలు, గొట్టములు కర్మాగారములలో పెద్దయెత్తున ఏకరీతిగా తయారగుటకు ఇది మార్గమయ్యెను.

తూకమువేసిన విద్యుత్తు

ఇక కొలతల సంగతి. 1880 ప్రాంతమున విద్యుత్తును అమ్మువారికి అది ఎంత ఖర్చయ్యెనో నిర్ణయించుట పెద్ద చిక్కు. కొందరు దీపముల సంఖ్యను బట్టి సొమ్ము వసూలు చేయుచుండిరి. ఎడిసన్ మీటరులో జింకు ద్రావణమున జింకు పలకలు మునిగియుండును. వాటిని ఇంటినుండి కార్యాలయమునకు కొనిపోయి, తూచి, బరువులోని తేడానుబట్టి బిల్లు వేయవలసియుండెను. వాడుకదారు తాను చూచి తెలిసికొనుటకు అందేమియు లేదు. ఆల్టర్నేటింగు ప్రవాహమునకు ఆ పద్ధతి ఎంతమాత్రము పనికిరాదు.

1889లో థామ్సన్ నిర్మించిన వాట్‌మీటరు నిజమునకు ఒక చిన్న మోటారు. ఇంటికి పోవు ప్రవాహము నిశ్చలమైన లావు చుట్లలోను, వోల్టేజిని బట్టి మారు స్వల్పప్రవాహము తిరుగుచుట్లలోను పారును. అందుచే దానిని త్రిప్పు బలము ఆ ఇంటివారు వాడుకొను శక్తికి అనులోమముగా నుండును. అయితే అడ్డులేని మోటారు వేగము అదుపు తప్పును. సరియైన కొలతకు, వేగముతో సరిసమానముగా పెరుగు అడ్డు కావలెను. ఆ అడ్డు కొరకు థామ్సన్ ఆశ్రయించినది యంత్రనిర్మాతలు వారించుటకు పాట్లుపడుచుండిన సుడిప్రవాహములనే! ఇరుసునకు ఒక రాగిపళ్లెము తగిలించి, దానిని శాశ్వతాయస్కాంతముల నడుమ తిరుగునట్లు చేసెను. పళ్లెము వేగము పెరిగినకొలది అందు పుట్టు ప్రవాహములును పెరిగి, దానిని వెనుకకు లాగును. ఇట్లు రెండు బలములును సమానమైన చోట వేగము నిలచి, ఖర్చగు శక్తికి యథార్థమైన కొలతయగును. పళ్లచక్రముల వరుస ఆ చుట్లను లెక్కించి ముఖఫలకముపై చూపును.

తిరుగుచుట్లలో ఇనుము లేకపోవుటచే ఈ మీటరు డైరెక్టు, ఆల్టర్నేటింగు ప్రవాహములు రెండింటికిని పనికివచ్చెను. ఒక్క దీపము మాత్రమే వెలుగుచున్నపుడు ఇరుసు రాపిడివలన మీటరు నిలిచిపోకుండుటకై, ఆ రాపిడిని మాత్రమే పూరించునంతటి చిన్న సహాయపు చుట్టును కూడ ఆయన చేర్చెను. పారిసు నగరమున 1890లో జరిగిన మీటర్ల పోటీలో ఈ సాధనము, జర్మనీ దేశీయుడైన హెర్మన్ ఆరోన్ మీటరుతోపాటు బహుమానమును పంచుకొనెను. మొన్న మొన్నటివరకు మన ఇండ్ల గోడలపై తిరిగిన మీటర్లు వేరొక సూత్రముపై నడచినవే యైనను, వాటి పళ్లెమునకు అయస్కాంతమే కళ్లెము. ఖర్చును తానే కన్నులార చూచుకొను హక్కు సామాన్యునకు దక్కినది ఇట్టి సాధనముల వలననే. కర్మాగారములలో మోటార్లు, దీపములు మ్రింగు శక్తిని పరీక్షించుటకును ఇదియే ఆధారమయ్యెను.

మిగిలిన రెండు భయములు

అయస్కాంతము స్పార్కును ప్రక్కకు నెట్టునని శాస్త్రజ్ఞు లెరుగుదురు. థామ్సన్ ఆ ధర్మముతోనే స్పార్కును సాగదీసి త్రుంచు పద్ధతిని కల్పించెను. పిడుగుపాటునుండి విద్యుత్తు లైనులను కాపాడు సాధనములలోను, పిదప ట్రామ్ బండ్ల స్విచ్చులలోను అది నిలిచెను. అట్లే, ట్రాన్స్‌ఫార్మరులో అధికవోల్టేజి ఇంటివైపు తీగలలోనికి జొరబడినచో ప్రాణాపాయమని గ్రహించి, ఇంటివైపు చుట్టును బుద్ధిపూర్వకముగా నేలకు కలుపవలెనని ప్రతిపాదించెను. తీగ నేలను తాకుటయే కీడని నమ్మిన ఆ కాలమున ఇది సాహసము. నేడు ఎర్తింగు లేని ఇల్లు ప్రమాదకరమని పల్లెటూరి ఎలక్ట్రీషియను సైతము ఎరుగును.

ఆచార్యుడైన ఎడ్విన్ హూస్టన్‌తో కలిసి ఆరంభించిన కృషి, 1883లో మసాచుసెట్సులోని లిన్ అను చెప్పుల పరిశ్రమల పట్టణమున థామ్సన్–హూస్టన్ కంపెనీగా స్థిరపడెను. 1892లో అది ఎడిసన్ సంస్థతో కలిసి జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ యయ్యెను. అధికారపీఠముకంటె ప్రయోగశాలయే థామ్సన్‌కు ప్రియము. ఈథరిక్ శక్తి యను క్రొత్త శక్తిని కనుగొంటినని ఎడిసన్ ప్రకటించిన వాదమును తన యౌవనమున హూస్టన్‌తో కూడి ప్రయోగములతో ఖండించిన ఈయనకే, 1909లో, ఎడిసన్ పేరిట స్థాపింపబడిన పతకము మొట్టమొదట లభించెను. 1920–1923 సంవత్సరముల నడుమ మసాచుసెట్సు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి తాత్కాలికాధ్యక్షుడుగా నుండెను. 1937 మార్చి 13న దివంగతుడయ్యెను.

పేటెంటు ఒక పాఠము

పేటెంటు అనగానే మనకు తోచునది స్వామ్యము, ధనార్జన. అది యథార్థమే కాని సగము మాత్రమే. ఆ కాలపు అమెరికా చట్టము నూతనకల్పనకర్తకు 17 ఏండ్ల స్వామ్య మిచ్చెడిది. ప్రతిగా అతడు తన కల్పనను, ఆ విద్యయందు నేర్పుగల మరియొకడు చదివి నిర్మింపగలుగునంత విశదముగా, పటములతో సహా లోకమునకు వెల్లడింపవలెను. గడువు తీరగానే ఆ విద్య సర్వజనుల సొత్తు. కులవృత్తి రహస్యములు తండ్రినుండి కొడుకునకు మాత్రమే సంక్రమించి, వంశము నశింపగా విద్యయు నశించిన దుఃస్థితి నెరిగిన జాతికి ఈ వ్యవస్థ విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ విద్యాఫలము మన యొద్దకును చేరినది. సికిందరాబాదు చెంత మౌలాలిలో రైలుపట్టాల మొనలను విద్యుత్తుతో కాల్చి యొత్తి ఏకము చేయు కర్మాగారము, పెనుకొండవద్ద కార్ల దేహములను రేకు రేకుగా అతుకు యంత్రములు – ఇవి యన్నియు ఆ 1886 నాటి పేటెంటునకు సంతతియే. హైదరాబాదులోని కేంద్ర విద్యుత్ పరిశోధనా సంస్థవారి ప్రయోగశాలలో, లైనులకెక్కబోవు సాధనములపై కృత్రిమముగా పిడుగువంటి తాకిడిని ప్రయోగించి వాటి సత్తువను పరీక్షింతురు. కీడును పిలిచి పని చేయించుకొనుటలో అదియు ఆ తోవలోనిదే.

మన ఇంజనీరింగు విద్యార్థులు ప్రయోగము చెడినపుడు, రావలసిన అంకెను పుస్తకము చూచి వ్రాసి, వచ్చిన అంకెను కొట్టివేయుట కద్దు. మన కర్మాగారములలో లోపముల పట్టికలు మరమ్మతు కాగానే మూలబడును. ఇందు పోవునది క్రొత్త విద్యయే. 700 పేటెంట్లు ఒక మనిషికి దైవదత్తముగా వచ్చినవి కావు. ఎదురైన ప్రతి లోపమును, తొలగించుటకు ముందు, ఇది ఏల కలుగుచున్నది, దీనిచే ఏ పని చేయింపవచ్చునని ఆయన ప్రశ్నించెను. సమాధానము దొరకువరకు, తొమ్మిదేండ్లు పట్టినను, విడువలేదు. ఉపాధ్యాయులు చెడిన ప్రయోగమునకు మార్కులు కోయక కారణ మడిగిననాడు, యాజమాన్యములు లోపమును కనిపెట్టిన కార్మికుని మందలింపక మన్నించిననాడు, అట్టి ప్రశ్న మన చోటనే పుట్టును. దానికి కావలసిన బుద్ధి మన పిల్లలయందు కొరవడలేదు. కావలసినది మనము వారికి చూపవలసిన సహనము.