క్రొత్త వ్యవస్థలో పాత ఫైళ్ళు

ఇంటికి క్రొత్త నీటిగొట్టములు వేయించినంత మాత్రమున గోడలోని పాత గొట్టములు మాయము కావు. వాటిని గుర్తించి తీయించవలెను. కంప్యూటరును నడిపించు ఆపరేటింగ్ సిస్టం విషయమును ఇట్టిదే. క్రొత్త కూర్పును స్థాపించునపుడు, క్రొత్త ఫైలు అదే పేరుగల పాత ఫైలు స్థానమును ఆక్రమించును. కాని క్రొత్త కూర్పులో అసలే లేని ఫైలు మాటేమి? దాని చోటికి వచ్చునది లేదు గనుక, అది ఉన్నచోటనే నిలిచిపోవును.

నిలిచిన నష్టమేమని అడుగవచ్చును. అది ఆక్రమించు చోటు స్వల్పమే, చిక్కు వేరొకటి. పాత ప్రోగ్రాం మిగిలియున్నచో, పిలిచినవారికి అదియే పలుకును. అది నేటి వ్యవస్థలోనిదే యని వారు భ్రమింతురు. అన్నిటికంటె ముఖ్యము భద్రత. లోపములను సవరించువారు వాడుకలోనున్న ఫైళ్ళనే సవరింతురు. విడిచిపెట్టిన వాటిలోని లోపములు అట్లే యుండును.

అట్లయిన పాతవాటి నన్నిటిని ఊడ్చివేయరాదా? ముందుగా ఏది పనికిమాలినదో తెలియవలెను. తేదీని చూచి నిర్ణయింప వీలులేదు. యజమాని స్వయముగా దాచుకొన్న ఫైలుకును పాత తేదీయే యుండును. కావున దేనిని మానివేసిరో ఆ మానివేసినవారే వ్రాసియుంచవలెను.

1993 నుండి వెలువడుచున్న ఫ్రీబీఎస్‌డీ అను వ్యవస్థలో ఈ పద్ధతి స్పష్టముగా కనిపించును. దాని మూలప్రతిలో 'ఆబ్సొలీట్‌ఫైల్స్' అను పట్టిక కలదు. ఒక ఫైలును మానివేసిన నిర్మాత ఆ తేదీని, కారణమును, ఫైలు పేరును అందు చేర్చును. క్రొత్త పద్దు పైభాగమున వచ్చును. స్థాపన ముగిసిన పిదప 'డిలీట్-ఓల్డ్' అను ఆజ్ఞ నిచ్చినచో, కంప్యూటరు ఆ పట్టికను డిస్కుతో సరిచూచి, దొరికిన ప్రతి ఫైలును తొలగింపవచ్చునా యని యజమానిని అడుగును.

లైబ్రరీ లనబడు ఫైళ్ళకు మాత్రము 'డిలీట్-ఓల్డ్-లిబ్స్' అను వేరొక ఆజ్ఞ యున్నది. ఇందుకు కారణము కలదు. ఒక్క లైబ్రరీపై అనేక ప్రోగ్రాములు ఆధారపడియుండును. వానిలో కొన్ని యజమాని తరువాత చేర్చుకొన్నవి. ఉదాహరణకు, 2023 నవంబరులో వచ్చిన 14.0 కూర్పులో, రహస్యలిపికి ఉపకరించు ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1.1 స్థానమున 3.0 ప్రవేశించినది. పాత లైబ్రరీని వెంటనే తీసివేసినచో దానిని నమ్ముకొన్న ప్రోగ్రాములు నిలిచిపోవును. అట్లని ఉంచుకొందమన్న, 1.1.1కు ఆ నిర్మాతల ఉచిత పోషణ 2023 సెప్టెంబరులోనే ముగిసినది. కావున మొదట ఆ ప్రోగ్రాములను క్రొత్త లైబ్రరీకి అనుగుణముగా తిరిగి స్థాపించి, అటుపిమ్మట పాతదానిని తొలగించుట క్రమము.

డెబియన్ వంటి లినక్స్ వ్యవస్థలు మరియొక మార్గము త్రొక్కినవి. అచట ప్రతి ప్యాకేజీకిని దాని ఫైళ్ళ జాబితా యుండును. క్రొత్త జాబితాలో లేనివి మార్పు సమయముననే తొలగిపోవును. యజమాని దిద్దుకొనియుండవచ్చునను జాగ్రత్తతో, అమరికల ఫైళ్ళను మాత్రము అది తనంతట తాను తొలగింపదు.

మార్గము లేవైనను సూత్ర మొక్కటే: చేర్చినదానికే గాక తీసివేసినదానికిని లెక్క యుండవలెను. యజమాని చేయవలసినది స్వల్పము. ముఖ్యమైన ఫైళ్ళకు ముందుగా నకలు తీసి, అడిగిన ప్రతి ప్రశ్నను చదివి, పిమ్మట సమాధాన మీయవలెను.