మోటారు సైకిలు మెడలోని గోళీలు



హైదరాబాదునకు దక్షిణమున, ఆరాంఘరు కూడలికి చేరువనున్న కాటేదాను పారిశ్రామికవాటిక మీలో చాలమందికి తెలిసినదే. 2008లో శంషాబాదు విమానాశ్రయము తెరవబడెను; మరుసటి యేట మెహదీపట్నము నుండి ఆరాంఘరు వరకు పి. వి. నరసింహారావుగారి పేర ఎత్తుదారి యేర్పడెను.  నగరము నుండి కాటేదానునకు పనికి వచ్చువాడు తన పాత మోటారు సైకిలుపై లారీల ప్రక్కన క్రింది దారిని వచ్చుననుకొనుడు. దారిలోని ప్రతి గుంటయు కొట్టిన దెబ్బ ముందుచక్రము నుండి ఫోర్కు గుండ బండి మెడకు చేరును. ఆ మెడలోని బేరింగులను గూర్చియే నేటి ప్రసంగము.

బేరింగనగా భరించునది. ఈ యాంగ్లపదమునకును మన ‘భృ’ ధాతువునకును మూలమొక్కటియే యని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. చుట్టరిక మెట్లున్నను, పేరునకు తగిన పనియే యది చేయుచున్నది. చట్రము ముందుభాగమున వాలుగా నొక గొట్టముండును. ఫోర్కు పైనున్న కడ్డీ దానిలో దూరి, హ్యాండిలుతో పాటు తిరుగును. గొట్టమునకు పైకొనను, క్రిందికొనను ఉక్కు గిన్నెలు, వానిలో ఉక్కు గోళీలు ఉండును. మెకానిక్కులు వీనినన్నిటిని కలిపి కోన్ సెట్టందురు. 1955లో మదరాసున తయారగుట మొదలిడిన బుల్లెట్టు వంటి పాత బండ్లలో నివి విడిగోళీలు.

చక్రములోని గోళి నిరంతరము చుట్టును తిరుగుచు, అరుగుదలను గిన్నె యంతటికిని పంచును. గ్రీజును తనతో కొనిపోవును. మెడలోని గోళికి ఆ భాగ్యము లేదు. బండి వేగముగా పోవునపుడు హ్యాండిలు తిరుగునది స్వల్పము. ప్రతి గోళియు ఉన్నచోటనే నిలిచి దెబ్బలు తినును. అది గిన్నెను తాకునది బిందుమాత్రము. భారమంతయు నచటనే పడును. ఎడతెగని యదురుచే గ్రీజు ప్రక్కకు తొలగును, ఉక్కు ఉక్కును రాచుకొనును, త్రుప్పువంటి పొడి పుట్టును. కొన్నాళ్లకు గోళికొక గుంట చొప్పున గిన్నెలో వరుసగా నేర్పడును.

అప్పుడు హ్యాండిలు నడుమకు రాగానే గోళీలన్నియు తమ గుంటలలో దిగి కూర్చుండును. బండి తిన్నగా పోవుచున్నదని కొందరు దీనికి సంతోషింతురు! అది గుణము కాదు, రోగము. ద్విచక్రవాహనము పడక నిలుచునది హ్యాండిలు అటునిటు క్షణక్షణము చేయు సూక్ష్మమైన కదలికల వలననే. ఆ కదలికకు అడ్డు తగిలినచో నడుపువాడు బలము పెట్టును. గోళి గుంట దాటగానే హ్యాండిలు కావలసిన దానికంటె నెక్కువ తిరుగును. వెనుక భార్యాబిడ్డలు కూర్చుండి, ప్రక్కన లారీ పోవుచుండగా బండి తూలినచో నేమగునో వేరుగా చెప్పనేల?

పరీక్ష సులభము. బండిని నడిమి స్టాండుపై నిలిపి, ముందుచక్రము నేల విడుచునట్లు ఇంజను క్రింద దిమ్మె పెట్టుడు. హ్యాండిలును రెండు వ్రేళ్లతో మెల్లగా త్రిప్పుడు. నడుమ చిక్కినచో గుంటలు పడినవన్నమాట. పిదప ఫోర్కు క్రిందికొనలను పట్టి ముందు వెనుకలకు లాగుడు. మెడయొద్ద కదలిక తెలిసినచో వదులున్నది. తీగెలు బిగిసి పట్టినను హ్యాండిలు బరువుగా తిరుగును; ముందుగా వానిని చూడవలెను.

ఇక పెక్కుచోట్ల జరుగు వైద్యమేమనగా, పానాతో పైనట్టును మరికొంత బిగించి పంపుట. వదులుకు బిగింపు మందు, గుంటకు కాదు. బిగించినకొలది గోళి గుంటలో మరింత గట్టిగా కూర్చుండును. గోళీలు మాత్రము మార్చినను ఫలము లేదు, క్రొత్త గోళీలు పాత గుంటలలోనే పడును. గిన్నెలు, కోనులు, గోళీలు అన్నియు నొక్కమారే మార్చవలెను. ఇంజనుపై లక్ష్యముంచి దీనిని మరచుట నాకు విపరీతముగా తోచును.

విప్పునపుడు క్రింద పళ్లెముంచి గోళీలను లెక్కింపుడు. పాత గిన్నెను గొట్టములోపలి నుండి పొడుగు కడ్డీతో ఒకసారి ఈ వైపున, ఒకసారి ఆ వైపున తట్టి తీయవలెను. క్రొత్తదానిలో గోళి తిరుగు నునుపుపై సుత్తి తగులరాదు. పాత గిన్నెను పైన బోర్లించి కొట్టుట మేలు. గిన్నె పూర్తిగా కూర్చున్నపుడు చప్పుడు మారి గట్టిగా వినబడును. గిన్నెలో గ్రీజు దండిగా పూసి గోళీల నందులో అంటింపుడు; అవి క్రిక్కిరిసి యుండక కొంచెము సందుండవలెను. కొన్ని బండ్లకు గోళీలకు బదులు శంకువు వంటి రోలర్ల బేరింగులును దొరకును. ఈ తరహా బేరింగునకు అమెరికాలో హెన్రీ టిమ్కెన్ 1898లో పేటెంటు పొందెను. రోలరు రేఖగా నానును గనుక గుంట త్వరగా పడదు.

చివర నట్టును కొంచెము గట్టిగా బిగించి, హ్యాండిలును ఈ కొన నుండి ఆ కొనకు పలుమారులు త్రిప్పి, మరల వదలించి, కదలిక పోవునంత మాత్రమే బిగింపుడు. పైనున్న తాళపునట్టు బిగించునపుడు ఈ కొలత మారును. కావున పిమ్మట మరల పరీక్షింపుడు. గిన్నెలు సర్దుకొనును గావున కొన్నివందల కిలోమీటర్లు నడిచినపిదప బండిని మరల స్టాండుపై నిలిపి చూడవలెను.