గాలి తిరగబడితే... తాడు వదిలేయాలి!

జులైలో హుస్సేన్‌సాగర్‌ తెల్లటి తెరచాపలతో నిండిపోతుంది. యాచ్‌ క్లబ్‌ ఆఫ్‌ హైదరాబాద్‌ నిర్వహించే మాన్‌సూన్‌ రెగట్టా కోసం వేర్వేరు రాష్ట్రాల నుంచి పిల్లలు వస్తారు. ఈఎంఈ సెయిలింగ్‌ అసోసియేషన్‌ ఆధ్వర్యంలో జరిగే హైదరాబాద్‌ సెయిలింగ్‌ వీక్‌కూ వేదిక ఇదే. ఈ పడవలకు ఇంజిన్‌ ఉండదు. గాలే పెట్రోలు. మరి ఆ గాలే తిరగబడితే?

నిమిషాల్లో మారిపోతుంది

నల్లమబ్బులో వానతో చల్లబడిన గాలి బరువెక్కి ఒక్కసారిగా కిందికి దూకుతుంది. నీటిని తాకి నలువైపులా దూసుకుపోతుంది. మనం ఈదురుగాలి అనేది దీన్నే. గాలి వేగం ఉన్నట్టుండి గంటకు సుమారు 30 కిలోమీటర్లు పెరిగి, 40 దాటి, కనీసం నిమిషంపాటు అలాగే ఉంటే వాతావరణ శాస్త్రవేత్తలు ‘స్క్వాల్‌’ అంటారు. వేగం రెండింతలైతే తెరచాప మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఒడుపు తెలియకపోతే పడవ క్షణాల్లో బోల్తానే!

అయితే చాలాసార్లు ముందే సూచనలు కనిపిస్తాయి. వీస్తున్న గాలి పడిపోతుంది. చల్లటి తెర ఒకటి ఒంటిని తాకుతుంది. దూరంగా నీళ్లు ముడతలు పడి నల్లగా మారతాయి. అందుకే అనుభవమున్నవారు పందెంలోనూ పక్క పడవతో పాటు ఆకాశాన్నీ, నీటి రంగునూ గమనిస్తూ ఉంటారు.

పట్టు కాదు, విడుపు

భయమేస్తే ఎవరైనా చేతిలో ఉన్నదాన్ని గట్టిగా పట్టుకుంటారు. తెరచాప తాడు విషయంలో అదే ప్రమాదం. తాడు వదిలితే తెరచాప జెండాలా రెపరెపలాడి గాలిని పోనిస్తుంది. పడవ నిటారుగా నిలుస్తుంది. గాలి వచ్చే వైపు అంచున కూర్చుని, వెనక్కి వాలి బరువు వేయాలి. చుక్కాని తిప్పి పడవ ముక్కును గాలికి ఎదురుగా తేవాలి. తెరచాప కింది కర్ర తలకు తగలకుండా వంగాలి. పెద్ద యాచ్‌లలోనైతే తెరచాపను ముందే కొంత మడిచి కట్టేస్తారు. మడవాలా వద్దా అన్న ఆలోచన వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైనట్టేనని నావికులు అంటుంటారు.

ఇంతా చేసి బోల్తా పడితే? కంగారు అక్కర్లేదు. చిన్న పడవల అడుగున ఉండే పలక మీద నిలబడి బరువు వేస్తే మళ్లీ లేస్తాయి. నేర్చుకునేవారికి తొలి పాఠాల్లో ఇదొకటి. పడవను వదిలి ఒడ్డుకు ఈదడం మాత్రం కూడదు. 1979 ఆగస్టులో ఇంగ్లండ్‌ ఫాస్ట్‌నెట్‌ పందెంలో 303 పడవలు పాల్గొన్నాయి. తుపానులో 15 మంది పోటీదారులు చనిపోయారు. సిబ్బంది 24 పడవలను వదిలేశారు. వాటిలో చాలావరకు తర్వాత తేలుతూనే దొరికాయి!

పతకం కన్నా ప్రాణం

ఆపదలో ఉన్నవారికి సాయం చేయాలన్నది పందెం నిబంధనల్లో మొదటిది. ప్రత్యర్థి అయినా సరే ఆదుకోవాల్సిందే. పరిస్థితి చేయి దాటేలా ఉంటే నిర్వాహకులు నీలం, తెలుపు గళ్ల జెండా ఎగరేసి పందెం ఆపేస్తారు.

ఇవన్నీ పందెగాళ్లకే అనుకోవద్దు. గోదావరి దాటే మనకూ అవసరమే. 2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు దగ్గర ప్రయాణికుల లాంచీ ఈదురుగాలికి మునిగిపోయింది. వానకు తడవకూడదని తలుపులు, కిటికీలు మూసుకోవడంతో లోపలివాళ్లు చాలామంది బయటపడలేకపోయారు.

అందుకే నావైనా, పంటైనా, లాంచీ అయినా... ఎక్కగానే లైఫ్‌జాకెట్‌ వేసుకోవాలి. గాలి మొదలయ్యాక వెతుక్కుంటే కుదరదు. వాన పడుతున్నా బయటికి వెళ్లే దారి మూయొద్దు. అందరూ ఒకే పక్కకు పరుగెత్తొద్దు. పడమట మబ్బు నల్లబడితే బయల్దేరమని సరంగును తొందరపెట్టొద్దు. ఈదురుగాలి సాధారణంగా ఎక్కువసేపు ఉండదు. ఆ కాసేపూ రేవులోనే ఆగితే చాలు.