నానో ఔషధాలలో పెట్టుబడి: లాభమెవరిది, నష్టమెవరిది?

మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల మీదుగా వచ్చే రహదారి ఎల్.బి.నగర్ కూడలి దాటి విజయవాడ వైపు సాగిపోతుంది. ఆ దారిలోనే చౌటుప్పల్ ఉంది. అక్కడ దివీస్ లేబొరేటరీస్ వారి కర్మాగారం ఉంది. అదే కూడలిలో ఎడమకు తిరిగి నాగోలు, ఉప్పల్ మీదుగా పోతే హబ్సిగూడలో సి.సి.ఎం.బి., తార్నాకలో ఐ.ఐ.సి.టి. వస్తాయి. ఒక దారి మందు తయారయ్యే చోటికి, మరొక దారి మందును గురించి పరిశోధన జరిగే చోటికి పోతుంది. ఈ రెంటి మధ్య దిల్‌సుఖ్‌నగర్ అద్దె గదులలో ఉండి బి.ఫార్మసీ, ఎం.ఫార్మసీ చదివే యువకులు ఎందరో. వారిలో ముస్లిం యువకులూ ఉన్నారు. ఉద్యోగం వెతుక్కోవటానికి బదులు నానో ఔషధాల చిన్న సంస్థ పెట్టుకుందామనుకునేవాడికి ఎదురయ్యే మొదటి చిక్కు శాస్త్ర సంబంధమైనది కాదు, డబ్బుకు సంబంధించినది.

నానో అన్న మాట మనలో చాలామందికి ఒక చిన్న కారు పేరుగా పరిచయమైంది. నానోమీటరు అంటే మీటరులో వందకోట్ల వంతు. రక్తంలోని ఎర్రకణం అడ్డుకొలత సుమారు 7,000 నానోమీటర్లు. దాదాపు 100 నానోమీటర్ల కొవ్వు బుడగలో మందును నింపి రక్తంలోకి పంపటమే ఈ విద్యలో ప్రధానమైన పద్ధతి. డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందు గుండెకు హాని చేస్తుంది. దానినే ఇలాంటి బుడగలో పెడితే ఆ హాని తగ్గుతుంది. ఈ రూపంలోని మందుకు, డాక్సిల్ పేరుతో, అమెరికాలో 1995లో అనుమతి లభించింది. మన నగరానికి చెందిన డాక్టర్ రెడ్డీస్ 2017లో దాని జనరిక్ రూపాన్ని అమెరికా విపణిలో ప్రవేశపెట్టింది. కోవిడ్ కాలపు ఎం.ఆర్.ఎన్.ఏ. టీకాలు కూడా కొవ్వు నానోకణాలలోనే ప్రయాణించాయి. 2022లో సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఈ తరహా టీకా పరిజ్ఞానాన్ని దేశీయంగా రూపొందించినట్లు ప్రకటించారు. అదే ఏడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎం.ఆర్.ఎన్.ఏ. పరిజ్ఞానాన్ని అందించటానికి హైదరాబాదులోని బయోలాజికల్ ఇ. సంస్థను ఎంపిక చేసింది.

విద్య ఉంది, కర్మాగారాలున్నాయి. మరి పెద్ద కంపెనీలు ఈ పని తామే చేసుకోక చిన్న సంస్థలలో సొమ్ము ఎందుకు పెడతాయి? ఇలాంటి ప్రయత్నాలలో అధిక భాగం విఫలమవుతాయి గనుక. పది ప్రయోగశాలలు నడపటం కన్నా పదిమందికి కొంత కొంత ఇచ్చి వేచి చూడటం వారికి చవుక.

ఫైజర్, బయోఎన్‌టెక్‌ల ఉదాహరణ చూడండి. ఫ్లూ టీకా కోసం 2018లో ఇవి ఒప్పందం చేసుకున్నాయి. వాటాల కొనుగోలు, పరిశోధన చెల్లింపులు కలిపి ఫైజర్ 12 కోట్ల డాలర్లు ముందుగా ఇచ్చింది. ఒక్కొక్క దశ దాటినప్పుడల్లా మరికొంత చెల్లిస్తానంది. 2020లో కోవిడ్ టీకాకు వచ్చేసరికి ఏర్పాటు మరో విధంగా ఉంది: అభివృద్ధి వ్యయమంతా మొదట ఫైజర్ భరించాలి, టీకా అమ్మకానికి వచ్చాక బయోఎన్‌టెక్ తన సగం తిరిగి ఇవ్వాలి, లాభం చెరిసగం.

దీనికి ఎదురుగా బైండ్ థెరప్యూటిక్స్ కథ ఉంది. అమెరికాలోని ఈ సంస్థ క్యాన్సర్ మందును నేరుగా కణితికి చేర్చే నానోకణాలు తయారుచేయబూనింది. ఫైజర్ దానితో ఒప్పందం చేసుకుంది. 2013లో వాటాలు అమ్మి దాదాపు 7 కోట్ల డాలర్లు సమకూర్చుకుంది. అయితే అది అప్పు కూడా చేసింది. 2016లో రోగులపై పరీక్షల ఫలితాలు నిరాశ కలిగించాయి. అప్పిచ్చినవారు బాకీ వెంటనే తీర్చమన్నారు. సంస్థ దివాలా రక్షణ కోరింది. దాని ఆస్తులను సుమారు 4 కోట్ల డాలర్లకు కొన్నది ఆ ఫైజరే. వాటాదారు మందు ఫలితం కోసం మరో రెండేళ్లు ఆగగలడు. అప్పిచ్చినవాడికి ఆ అవసరం లేదు. మందు పనిచేసినా చేయకపోయినా అతని అసలు, వడ్డీ అతనికి రావలసిందే.

ఇస్లామీయ ధర్మశాస్త్రం ముజారబత్ అనే ఒప్పందాన్ని ఈ తేడా మీదనే నిలబెట్టింది. ఒకరిది సొమ్ము, మరొకరిది శ్రమ. లాభం ముందుగా ఒప్పుకున్న నిష్పత్తిలో పంచుకోవాలి. ఇంత మొత్తం అని ఖాయం చేయరాదు. శ్రమించినవాడి నిర్లక్ష్యం లేకుండా నష్టం వస్తే సొమ్ము పోయేది సొమ్ముదారుకే. శ్రమించినవాడికి శ్రమ వృథా. దశ దాటినప్పుడు చెల్లించే మొత్తాలకు, ఫలానా పని చేసినవాడికి ఇంత అని నిర్ణయించే జుఆలాతో పోలిక కనిపిస్తుంది. ఆ పోలిక ఎంతవరకు చెల్లుతుందో ఒక్కొక్క ఒప్పంద పత్రం చూసి పండితులు చెప్పవలసిన మాట.

వాటా పెట్టుబడి అన్నంత మాత్రాన అది ముజారబత్‌కు దగ్గరగా ఉందనుకోరాదు. మన దేశంలో కొత్త సంస్థలలో పెట్టుబడిదారులు సాధారణ వాటాలు తీసుకోవటం తక్కువ. ఎక్కువగా తీసుకునేవి తరువాత సాధారణ వాటాలుగా మారే ప్రాధాన్య వాటాలు. సంస్థ మూతపడితేనో, అమ్ముడుపోతేనో ముందుగా తమ సొమ్ము తమకు రావాలని, మిగిలితేనే స్థాపకులకని షరతు రాసుకుంటారు. చేతులు కలిపేటప్పుడు భాగస్వామి, నష్టం వచ్చినప్పుడు అప్పిచ్చినవాడు! 1992లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్ అకాడమీ, మూలధనానికి హామీ ఇచ్చే, లేక పంపకంలో ముందు హక్కు కల్పించే ఇలాంటి వాటాలను జారీ చేయటం ధర్మసమ్మతం కాదని తీర్మానించింది.

ఈ విషయంలో ఔషధ కంపెనీ సొమ్ము పెట్టుబడి నిధుల సొమ్ము కన్నా కొంత నయం. నిధికి కావలసింది సొమ్ము తిరిగి రావటం ఒక్కటే. మందుల కంపెనీకి ఆ మందును తయారుచేసే హక్కు, అమ్మే హక్కు కూడా కావాలి. వాటిని విడి ఒప్పందంగా రాసుకోగలిగితే, సాధారణ వాటాలకు దానిని ఒప్పించే అవకాశం ఉంటుంది. అయితే ఆ హక్కుకు ఏ ధర కట్టారో, ఏయే దేశాలకు ఇచ్చారో జాగ్రత్తగా చూసుకోవాలి. చివరికి రోగి చెల్లించే ధర చాలావరకు అక్కడే నిర్ణయమవుతుంది.

ప్రారంభ దశకు మరొక మార్గముంది. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2012లో నెలకొల్పిన బైరాక్ సంస్థ కొత్త ఆలోచనలకు 50 లక్షల రూపాయల వరకు గ్రాంటు ఇస్తుంది. దానికి వాటా ఇవ్వనక్కరలేదు, వడ్డీ లేదు. గడువు 18 నెలలు. ప్రయోగశాలలో ఆలోచన నిజమని చూపటానికి ఆ మొత్తం సరిపోవచ్చు. నానో ఔషధాల నాణ్యతను, భద్రతను ఎలా పరీక్షించాలో 2019లో కేంద్రం మార్గదర్శకాలు ప్రకటించింది. వాటి ప్రకారం జంతువులపై, ఆపైన రోగులపై పరీక్షలు జరపటానికి ఆ సొమ్ము ఏ మూలకూ చాలదు. పెట్టుబడిదారు తన పత్రాలతో వచ్చేది అప్పుడే. వాటిలో వాటా శాతం రాసిన పుట అందరూ చదువుతారు. సంస్థ మూతపడితే మిగిలిన సొమ్ము ఎవరికి, ఏ వరుసలో చెల్లించాలో రాసిన పుట మాత్రం పత్రం లోపలెక్కడో ఉంటుంది. సంతకం చేసే ముందు ఒక న్యాయవాదితోనూ, ఒక ఆలిమ్‌తోనూ చదివించుకోవలసిన పుట అది.